వేణు బప్పు

రాత్రివేళ ఆకాశమున రెండు చుక్కలు ప్రక్కప్రక్కనే యున్నట్లు కనిపించును. నిజమునకు వానిలో నొకటి దగ్గరగాను, రెండవది మిక్కిలి దూరముగాను ఉండవచ్చును. సర్పిలాకారపు గెలాక్సీల జంటను ఛాయాచిత్రము తీసినప్పుడును ఇదియే చిక్కు. చిత్రము వాని యందమును చూపునే కాని, అవి యెంత దూరమున నున్నవో చెప్పదు. కంటికి కనబడుదానితో తృప్తిపడక, దాని వెనుకనున్న సత్యమును వెదకిన శాస్త్రజ్ఞుడు వేణు బప్పు.

ఆయన 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించెను. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆకాశమును భాగములుగా ఛాయాచిత్రములు తీసి, లక్షలాది నక్షత్రముల స్థానములను నిర్ణయించిన వేధశాల యది. అచ్చటనే బాలునకు ఖగోళముపై మక్కువ కలిగెను. నిజాం కళాశాలలో చదువుచుండగనే అతడు కాంతి మారుచుండు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను.

పిమ్మట బప్పు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. ఆ కాలమున ఆకాశమును ఛాయాచిత్రము తీయుట ఓర్పుతో కూడిన పని. మసక వెలుగు గాజుఫలకముపై కొద్దికొద్దిగా చేరవలెను. అంతవరకును దూరదర్శిని తారల గమనము ననుసరించి కదలుచుండవలెను. 1949 జూలై 2వ తేదీన తీసిన అట్టి ఫలకముపై ఒక క్రొత్త తోకచుక్క బయటపడెను. దానికి బప్పు పేరును, ఆచార్యుడు బోక్, సహవిద్యార్థి న్యూకిర్క్ పేర్లును కలిపి పెట్టిరి.

1957లో బప్పు, విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి ఒక ముఖ్యవిషయమును ప్రకటించెను. కొన్ని నక్షత్రముల కాంతిని విడదీసి చూచినచో, కాల్షియము వలన నొక ప్రకాశరేఖ కనబడును. ఆ రేఖ యెంత వెడల్పుగా నున్న, నక్షత్రపు నిజకాంతి అంత హెచ్చు. నిజకాంతిని, మనకు కనబడు కాంతితో పోల్చినచో ఆ నక్షత్రపు దూరము తెలియును. ఛాయాచిత్రము చెప్పలేనిది ఒక చిన్నరేఖ చెప్పెను!

అప్పటికే బప్పు స్వదేశమునకు తిరిగివచ్చి యుండెను. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతియయ్యెను. నిర్మలమైన ఆకాశమునకై వెదకి, తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరును ఎన్నుకొనెను. 1968లో అచట ఒక చిన్న దూరదర్శినితో పని ప్రారంభమయ్యెను. భారతీయుల చేతులతోనే పెద్ద దూరదర్శిని నిర్మింపవలెనని ఆయన సంకల్పించెను. దాని దర్పణపు వ్యాసము 2.34 మీటర్లు.

కాని అది పూర్తియగుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1982 ఆగస్టు 19వ తేదీన జర్మనీలోని మ్యూనిచ్ నగరమున ఆయన కన్నుమూసెను. సహచరులు ఆ పని విడువలేదు. 1986లో ఆ దూరదర్శిని ఆకాశమువైపు కన్ను తెరచెను. దానికి వేణు బప్పు పేరే పెట్టిరి. తాను చూడజాలని వెలుగును ముందుతరములవారు చూచుటకై పాటుపడిన ధన్యుడు ఆయన.