డాక్టర్ ఎడ్వర్డ్ లారీ

మోకాలి కీలులోనికి సన్నని గొట్టము పంపి పరీక్షించు ఆర్థ్రోస్కోపీని నేడు ఆ మోకాలికి మాత్రమే తిమ్మిరిమందు ఇచ్చి, రోగి మెలకువగా నుండగనే చేయవచ్చును. పూర్వము ఏ కోతకైనను క్లోరోఫారంతో నిద్రపుచ్చెడివారు. కొందరు ఆ నిద్రనుండి లేవలేదు. దానికి కారణమును మన హైదరాబాదులో వెదకిన లారీ (1846–1915) కథను పల్నాటి విద్యార్థులు ఎరుగవలెనని మా కోరిక.

ఎడింబరోలో సైమ్ శిష్యులైన లారీ 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చి వైద్యపాఠశాల బాధ్యతను వహించిరి. మత్తు ఇచ్చునపుడు నాడిని గాక శ్వాసను కనిపెట్టవలెనని గురువు నేర్పిరి. అది నిరూపించుటకు లారీ 1888లో ఒక కమిషను నడిపిరి. లాన్సెట్ పత్రిక సందేహించినది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌనులు ఇవ్వగా, 1889లో లండను నుండి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ కమిషనులో పాల్గొనిరి. వందలకొలది కుక్కలు, కోతులు ప్రయోగములకు బలియైనవి. ఈ మాట దాచుట మాకిష్టము లేదు. గుండెకంటె ముందు శ్వాసయే ఆగునని తేల్చిరి.

లారీ జీవించియుండగనే, 1911లో, గుడ్‌మన్ లెవీ స్వల్పమైన మత్తులోనే క్లోరోఫారం గుండెను హఠాత్తుగా ఆపగలదని చూపిరి. లారీ పొరబడిరి. అయినను ఊపిరిపై చూపు నిలుపు శ్రద్ధ ఆ పాఠశాలలో నిలిచినది. అచ్చట చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇచ్చుటనే తన వృత్తిగా స్వీకరించిరి.