పరదేశిగా వచ్చి పొరుగువాడైన విలియం కేరీగారు



బళ్లారి జిల్లాలోని మన తెలుగు సంఘాలలో ఒక ప్రశ్న తరచుగా వినబడుతూ ఉంటుంది. కన్నడ దేశంలో ఉంటూ, ఇక్కడి పంట తింటూ, ఆరాధన ఇంకా తెలుగులోనే ఎందుకని ఇరుగుపొరుగువారు అడుగుతారు. పిల్లలు కన్నడ బడిలో చదివి తెలుగు బైబిలు చదవలేకపోతున్నారని మన పెద్దలు బాధపడతారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడదీసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రకు, బళ్లారిని మైసూరుకు ఇచ్చినప్పుడు ఇక్కడి తెలుగువారు ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రం వారయ్యారు. తుంగభద్ర కాలువల కింద సాగు కోసం కోస్తా జిల్లాల నుండి వచ్చి సిరుగుప్ప, కంప్లి ప్రాంతాలలో క్యాంపులు వేసుకున్నవారు మరికొందరు. వచ్చినవాడు ఉన్నవారిలో ఎంతవరకు కలిసిపోవాలి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని, మన బాప్తిస్టు మిషనెరీలలో అగ్రగణ్యుడైన విలియం కేరీగారి జీవితాన్ని ఒకసారి తలచుకుందాం.

కేరీగారు 1761లో ఇంగ్లాండులోని పాలర్స్‌పరీ అనే పల్లెలో జన్మించారు. చెప్పులు కుట్టే పని నేర్చుకున్నారు. ఆ పని చేసుకుంటూనే భాషలు చదివారు. 1783లో నెన్ నదిలో బాప్తిస్మము పొందారు. 1792లో బాప్తిస్టు మిషనెరీ సొసైటీ ఏర్పడడానికి ముఖ్య కారకులయ్యారు. మరుసటి సంవత్సరం కుటుంబంతో ఓడ ఎక్కి నవంబరులో కలకత్తా చేరారు.

ఆయనకు స్వాగతం చెప్పినవారు లేరు. ఈస్టిండియా కంపెనీ మిషనెరీలను రానిచ్చేది కాదు. చేతిలో డబ్బు లేక కుటుంబం చాలా కష్టాలు పడింది. చివరికి ముద్నాబాటిలో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకునే పని దొరికింది. అక్కడే 1794లో ఆయన చిన్న కుమారుడు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. భార్య డోరతిగారు మొదటినుండి ఈ ప్రయాణానికి ఇష్టపడలేదు. ఆమె మతి చలించి, ఏళ్లతరబడి బాధపడి, 1807లో కన్నుమూశారు. కేరీగారి ఘనకార్యాలు చెప్పేటప్పుడు మనం ఈ తల్లిని మరచిపోతుంటాం. వలస మూల్యం ఇంట్లో ఎవరు చెల్లిస్తారో మన క్యాంపులలోని తల్లులకు తెలుసు.

1800 జనవరిలో కేరీగారు డేనిష్ వారి పాలనలో ఉన్న శ్రీరాంపురానికి మారారు. మార్ష్‌మన్, వార్డ్ గారలతో కలిసి అందరూ ఒకే కుటుంబంగా, ఒకే ఖజానాగా జీవించారు. ఆ సంవత్సరం డిసెంబరు 28న కృష్ణపాల్ అనే వడ్రంగికి హుగ్లీ నదిలో బాప్తిస్మమిచ్చారు. అప్పుడొక ప్రశ్న వచ్చింది. కృష్ణుని పేరు పెట్టుకున్నవాడు క్రైస్తవుడైన తరువాత పేరు మార్చుకోవాలా? అక్కరలేదని శ్రీరాంపురం సహోదరులు నిర్ణయించారు. కృష్ణపాల్ కృష్ణపాల్‌గానే సువార్త ప్రకటించాడు. అయితే కులం విషయంలో మాత్రం వారు మెత్తబడలేదు. ప్రభువు బల్ల దగ్గర ఒక కులానికి ముందు, ఒక కులానికి వెనుక అనే మాట ఉండకూడదన్నారు. పేరు ఉండవచ్చు, భాష ఉండవచ్చు, సాటిమనిషిని తక్కువగా చూడడం ఉండకూడదు. మనం గమనించవలసిన గీత ఇదే.

కేరీగారు తెలుగు సీమకు గాని కన్నడ సీమకు గాని వచ్చినవారు కారు. అయినా 1814లో తెలుగు వ్యాకరణం, 1817లో కన్నడ వ్యాకరణం ప్రకటించారు. 1812 మార్చి 11న శ్రీరాంపురం ముద్రణాలయం కాలిపోయి అచ్చు అక్షరాలు, వ్రాతప్రతులు ఎన్నో బూడిదైనా, మళ్లీ మొదలుపెట్టారు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన, ఆ తరువాత కన్నడ క్రొత్త నిబంధన అక్కడి నుండి వెలువడ్డాయి. ఆయా భాషల పండితుల సహాయం లేకుండా ఇది జరిగేది కాదు. ఆ అనువాదాలలో లోపాలు ఉన్నాయి. తరువాతివారు తిరిగి చేయవలసి వచ్చింది. అదే కాలంలో మన బళ్లారిలో లండన్ మిషన్‌కు చెందిన జాన్ హ్యాండ్స్ గారు 1810 నుండి ఉండి కన్నడ బైబిలు కోసం శ్రమించారు. ఆయన బాప్తిస్టు కారు. అయినా ఇక్కడి సువార్త చరిత్రలో ఆయనకూ మనం ఋణపడి ఉన్నాం.

ఈ దేశాన్ని ప్రేమించినంత మాత్రాన ఇక్కడి ప్రతి ఆచారాన్నీ కేరీగారు ఒప్పుకోలేదు. సహగమనాన్ని మాన్పించడానికి చాలా సంవత్సరాలు పాటుపడ్డారు. 1829 డిసెంబరులో ఆ నిషేధ శాసనం అనువాదానికి వచ్చినప్పుడు, ఆదివారమైనా ప్రసంగం మరొకరికి అప్పగించి, ఆ రోజే దానిని బెంగాలీలోకి మార్చారు. ఆలస్యమైతే ప్రాణాలు పోతాయని ఆయన భయం. నలభై ఏళ్లు ఒక్కసారైనా స్వదేశానికి వెళ్లకుండా, 1834 జూన్ 9న శ్రీరాంపురంలోనే నిద్రించారు.

ఆయనకూ మనకూ ఒక తేడా ఉందని ఒప్పుకోవాలి. ఆయన పాలకుల జాతివారు. బెంగాలీ నేర్చుకో అని ఆయనను గద్దించగలవారు లేరు. తనంతట తానే నేర్చుకున్నారు. మనం కూలికీ సాగుకూ ఉద్యోగానికీ వచ్చినవారం. కన్నడం నేర్చుకోమని మనకు ఇతరులు చెబుతున్నారు. ఒకరు చెబితే భారంగా ఉండే పని, ప్రేమతో మనమే పూనుకుంటే తేలికవుతుంది. బబులోనుకు వెళ్లిన చెరవారికి యిర్మీయా వ్రాసిన పత్రిక, 29వ అధ్యాయం, ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. ఉన్న ఊరి క్షేమం కోరమన్న ప్రవక్త వారిని యెరూషలేమును మరచిపొమ్మనలేదు.

కాబట్టి సంఘ పెద్దలు రెండు పనులు ఆలోచించాలని కోరుతున్నాం. ఆదివారపు బడి తరువాత అరగంట పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పించాలి. నెలకొక ఆదివారమైనా కన్నడ పాట, కన్నడ వాక్యపఠనం పెట్టి, పొరుగువారిని పిలవాలి. రెండు భాషలకూ వ్యాకరణం వ్రాసిన ఆ చెప్పులు కుట్టే దైవజనుని వారసులమైన మనకు రెండూ బరువు కావు. ప్రభువు మనలనందరినీ దీవించునుగాక. ఆమేన్.