టాల్‌స్టాయ్ క్షేత్రపు తోటమాలి: హెర్మన్ కాలెన్‌బాక్

గాంధీ మహాత్ముని ఆత్మకథ చదివిన విద్యార్థులకు టాల్‌స్టాయ్ క్షేత్రమను పేరు కొత్తది కాదు. ఆ క్షేత్రపు భూమిని సమకూర్చి, ఒక్క నౌకరునైనను పెట్టుకొనక, తానే పార పట్టి పిల్లలతో కలిసి తోట పెంచిన మనిషిని మాత్రము మన పాఠ్యగ్రంథములు రెండు వాక్యములలో దాటిపోతున్నవి. ఆయన పేరు హెర్మన్ కాలెన్‌బాక్. పుట్టుకచే యూదుడు, భాషచే జర్మను, వృత్తిచే గృహనిర్మాణ శిల్పి. ఆయన భూమిలో నివసించినవారిలో ఘూర్జరులు, తమిళులు, ఉత్తరాదివారితోపాటు ఆంధ్రదేశపువారును ఉండినారు. ఆ కారణముచేత కూడ తెలుగు ఉపాధ్యాయులు ఆయన కథను తెలిసికొనవలసి ఉన్నది.

కాలెన్‌బాక్ 1871వ సంవత్సరము మార్చి 1వ తేదీన, నాడు రష్యా సామ్రాజ్యములో భాగమైన లిథువేనియాలో, జర్మను సరిహద్దు చేరువనున్న ఒక చిన్న పట్టణములో జన్మించినారు. ఏడుగురు సంతానములో మూడవవారు. తండ్రి తొలుత హీబ్రూ భాష బోధించిన ఉపాధ్యాయుడు. తరువాత కలప వర్తకమునకు దిగినాడు. బడిపంతులు ఉద్యోగముతో ఏడుగురు బిడ్డలను పోషించుట ఏ దేశములోనైనను కష్టమే గదా! కుమారుడు స్టుట్‌గార్ట్, మ్యూనిక్ నగరములలో వాస్తువిద్య నేర్చినాడు. ఈత, సైకిలు, మంచుమీద జారు ఆటలు, కసరత్తు అన్నింటిలోను దిట్ట. 1896లో పినతండ్రుల వరుసవారు ఉన్న దక్షిణాఫ్రికాకు పోయి జొహానెస్‌బర్గులో స్థిరపడినారు. బంగారు గనులు బయటపడి అప్పటికి పదేండ్లు. నగరము ఇటుకమీద ఇటుకగా పైకి లేస్తున్న కాలము. ఇండ్లు కట్టించెడివారికి కొదువ లేదు. కాలెన్‌బాక్ శీఘ్రకాలములోనే ధనికుడైనాడు, నగరము చుట్టు భూములు కొన్నాడు.

ఆ రోజులలో ఆయన ఒంటరిగా ఉండి, ఇంటి అద్దె గాక తన స్వంతమునకే నెలకు 1200 రూపాయలు వ్యయము చేసెడివారు. గాంధీజీతో పరిచయమైన పిదప ఆ వ్యయము 120 రూపాయలకు దిగినది. ఈ లెక్కను వ్రాసి పెట్టినది గాంధీజీయే. మొదట వారిద్దరిని కలిపినది బుద్ధుని గూర్చిన జిజ్ఞాస, శాకాహారము గూర్చిన చర్చ. 1908లో ఇద్దరును ఒకే ఇంట కాపురముండినారు. కాలెన్‌బాక్ రూపకల్పన చేసిన ఆ ఇల్లు ఆఫ్రికా పల్లెగుడిసెల తీరున గుండ్రని గోడలు, గడ్డికప్పు కలది. నేటికిని అది నిలిచి ఉన్నది. సత్యాగ్రహ భవనమను పేర దర్శనశాలగా మారినది.

1910 నాటికి ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహము మూడవ యేడు దాటినది. జైలుకు పోయినవారి భార్యాబిడ్డలకు నెలనెల డబ్బు పంచుటకు నిధులు చాలలేదు. అందరును ఒక్కచోట చేరి, ఒక్క వంటశాలలో తిని, తమ తిండిని తాము పండించుకొనిననే గాని ఉద్యమము సాగదని తేలినది. ఆ సంవత్సరము మే 30వ తేదీన కాలెన్‌బాక్ తన భూమిని అద్దె లేకుండ, పోరాటము నడిచినంతకాలము వాడుకొనుటకు ఇచ్చినారు. జొహానెస్‌బర్గుకు 21 మైళ్ల దూరమున, లాలీ అను రైలుస్టేషనుకు ఒక మైలులో, 1100 ఎకరముల విస్తీర్ణము. వేయి వరకు కాపుగాచే చెట్లు: నారింజ, ఆప్రికాటు, ప్లమ్ పండ్లు. రెండు బావులు, ఒక ఊట. కొండపాదమున అయిదారుగురు తలదాచుకొనదగిన చిన్న ఇల్లు ఒక్కటి. ఈ కొలతను మెదకు సీమవారు ఊహించుకొనుట సులభము. పటాన్‌చెరువు దగ్గర 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థకు సమకూరిన భూమి సుమారు 3400 ఎకరములు; ఆ ఆవరణలో మూడవ వంతు టాల్‌స్టాయ్ క్షేత్రము. రష్యా ఋషితుల్యుడైన రచయిత పేరు దానికి పెట్టినది కాలెన్‌బాకే. ఆ యేటి నవంబరులో టాల్‌స్టాయ్ మరణించినారు.

రెండు నెలలలో రేకుల కప్పుతో ఇండ్లు లేచినవి. నలుబదిమంది యువకులు, ఇద్దరు ముగ్గురు వృద్ధులు, అయిదుగురు స్త్రీలు, ఇరువది ముప్పదిమంది పిల్లలు చేరినారు. హిందువులు, మహమ్మదీయులు, పార్సీలు, క్రైస్తవులు. వారి నడుమ స్థలయజమానియైన ఒక యూదుడు. పొగాకు, మద్యము నిషిద్ధములు. స్థలయజమానికి ఆ నియమములలో సడలింపు ఏమియు లేదు. మెత్తని పరుపులకు అలవాటుపడిన ఆ మనిషి అందరితోపాటు నేలమీద పరుండెడివారు.

వ్యవసాయ కూలీలకు భూమి పని క్రొత్తగా నేర్పవలెనా అని తోచవచ్చును. ఇచట చరిత్రను కొంత స్మరింపవలెను. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి తొలి కూలీలను డర్బను రేవునకు చేర్చినది. 1911 వరకు ఇట్లు పోయినవారు సుమారు లక్షయు ఏబదిరెండువేలమంది. వారిలో తమిళులతోపాటు విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాటు మండలముల తెలుగువారు అనేకులు. చెరకు తోటలలో ఒడంబడిక కూలీకి పార అనగా దొర కొరడాకు తోబుట్టువు. విడుదలయైన వెంటనే ఆ పారను విసరివేసి, పట్టణము చేరి, చిన్న దుకాణమో గుమాస్తా పనియో చూచుకొనుటయే వారి సంతతికి గౌరవమార్గముగా తోచినది. అట్టి బిడ్డలచేతికి మరల పారనిచ్చుట సాహసమే. దానిని అవమానము కాకుండ ఇచ్చుటకు ఒక్కటే ఉపాయము ఉన్నది: ఇచ్చినవాడు తానును ఇంకొక పార పట్టుకొని ప్రక్కన నిలువవలెను.

కాలెన్‌బాక్ చేసినది అదే. ఆయనకు తోటపనియందు మక్కువ మెండు. ప్రభుత్వపు ఆదర్శ వనమొకదానిలో కొంత అనుభవము గడించి ఉండినారు. వంటశాలలో పని లేని ప్రతివారును, చిన్న పెద్ద భేదము లేక, దినమున కొంతసేపు తోటలో పనిచేయవలెనని కట్టుబాటు. అందు పెద్ద పాలు పిల్లలదే. గుంటలు త్రవ్వుట, చెట్లు కొట్టుట, బరువులు మోయుట ఇవన్నియు వారివే. ఊట నివాసములకు 500 గజముల దూరములో ఉన్నందున కావళ్లతో నీరు తేవలసి వచ్చెడిది. పిల్లలందరును ఉత్సాహముతో ఎగిరి గంతులు వేసినారని భావింపరాదు. పని తప్పించుకొనినవారు, కొంటెతనము చేసినవారు ఉండినారు; వారియెడ కాలెన్‌బాకుతోపాటు గాంధీజీయు అప్పుడప్పుడు కఠినముగానే వ్యవహరించినారు. ఐనను గురువు చేయని పనిని శిష్యునికి చెప్పకూడదన్న నియమము మాత్రము అక్కడ ఎన్నడును తప్పలేదు.

మధ్యాహ్నము తరువాత అక్షరాభ్యాసము. ప్రొద్దుటి శ్రమతో గురువులకును శిష్యులకును రెప్పలు వాలిపోయెడివి. అక్షరముల బడి అంత బాగుగా నడిచినదని చెప్పజాలము. చేతిపనుల బడి మాత్రము నడిచినది. కాలెన్‌బాక్ పైన్‌టౌను దగ్గరనున్న మరియన్‌హిల్ అను జర్మను సన్యాసుల మఠమునకు పోయి చెప్పులు కుట్టుట నేర్చుకొని వచ్చినారు. ఆయనవద్ద గాంధీజీ, గాంధీజీవద్ద తక్కినవారు నేర్చినారు. వడ్రంగము కాలెన్‌బాకుకు ముందే తెలిసిన విద్య. కలప వర్తకుని కొడుకు గదా!

క్షేత్రములోని పారిశుద్ధ్యపు ఏర్పాటు ప్రత్యేకముగా పేర్కొనదగినది. చెత్తను గుంటలలో పూడ్చెడివారు. వాడిన నీటిని బకెట్లలో పట్టి చెట్లకు పోసెడివారు. తినగా మిగిలినది, కూరల తుక్కు ఎరువగును. మలమును ఒకటిన్నర అడుగు లోతు గుంటలో వేసి త్రవ్విన మట్టితో పూర్తిగా కప్పుటచే దుర్గంధము గాని ఈగలు గాని లేకుండెను. మురికినీరు ఎక్కడికి పోవును అన్న ప్రశ్నకు బడిపిల్లలు తామే సమాధానము కల్పించిన విధానమిది. సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతపు పిల్లలకు ఈ ప్రశ్న విడమరచి చెప్పనక్కరలేదు. కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగులో కలిసి, పైరులు పాడై, రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు వరకు పోయిన సీమ అది. ఆ జిల్లాలోనే, జహీరాబాదు వైపున మాచునూరులో, దక్కను డెవలప్‌మెంట్ సొసైటీవారి పచ్చసాలె పుస్తకపు చదువుతోపాటు సేద్యమును, వడ్రంగమును, కుమ్మరి పనిని నేర్పినది. టాల్‌స్టాయ్ క్షేత్రపు పేరెత్తకనే ఆ పద్ధతి మరల మొలకెత్తినదనవచ్చును.

క్షేత్రములో పాములకు కొదువ లేదు. కాలెన్‌బాక్ పాములను గూర్చిన గ్రంథములు తెప్పించి, ఏది విషసర్పమో ఏది కాదో గుర్తించుట పిల్లలకు నేర్పినారు. అన్ని పాములును విషము కలవి కావనియు, కొన్ని పైరును కాపాడుననియు చెప్పినారు. అంతటితో ఆగక ఒక త్రాచును పట్టి బోనులో ఉంచి, స్వయముగా మేత పెట్టి మచ్చిక చేయబూనినారు. పిల్లలకు అది వేడుక. ఆ పాము మనలను మిత్రులుగా తలచుచున్నదా, లేక బందీయై ఉన్నదా అన్న సందేహము గాంధీజీకి కలిగినది. తుదకు ఒకనాడు అది బోను తప్పించుకొని పోవుటతో తర్కము తీరినది. మఱియొకమారు కాలెన్‌బాక్ గదిలోనే పాము దూరి, తరుముటకును పట్టుటకును వీలుకానిచోట కూర్చున్నప్పుడు, దానిని చంపుటకు గాంధీజీ అనుమతింపవలసి వచ్చినది. అహింస నేర్చిన బడిలో ఈ రెండు పాఠములును దాచిపెట్టలేదు.

స్వంత పనిమీద నగరమునకు పోవువారు నడిచియే పోవలెను. తెల్లవారుజామున రెండున్నర గంటలకు బయలుదేరి 21 మైళ్లు నడిచెడివారు. సామాన్యముగా ఆరేడు గంటలు పట్టును. అతివేగముగా పోయినవారు 4 గంటల 18 నిమిషములలో చేరినారు. 1912లో గోఖలే ఈ క్షేత్రమునకు వచ్చి ఉండినారు. తిరుగు ప్రయాణములో గాంధీజీ, కాలెన్‌బాక్ ఆయనను జాంజిబారు వరకు సాగనంపినారు.

1913లో క్షేత్రవాసులు నాటాలులోని ఫీనిక్సుకు తరలిపోయినారు. ఆ నవంబరులో బొగ్గుగనుల కూలీలు మూడు పౌనుల తలపన్నుకు ఎదురుతిరిగి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటినారు. పురుషులు 2037, స్త్రీలు 127, పిల్లలు 57. వారి గమ్యస్థానము టాల్‌స్టాయ్ క్షేత్రమే. ఆ పండ్లచెట్ల నీడన వారిని నిలుపవలెనని సంకల్పము. కాని దారిలోనే గాంధీజీని, పోలాకును, కాలెన్‌బాకును నిర్బంధించి వోక్స్‌రస్టులో మూడేసి నెలల శిక్ష వేసినారు. ధనికుడైన తెల్లవాడు భారతీయ కూలీలకై జైలుకు పోవుట ఆనాటి జొహానెస్‌బర్గు పెద్దమనుషులకు మింగుడుపడని విషయము. మరుసటి యేడు తలపన్ను రద్దయినది.

1914 జూలైలో గాంధీ దంపతులతో కాలెన్‌బాక్ ఓడయెక్కినారు. లండను మీదుగా భారతదేశము చేరి, ఆశ్రమవాసిగా మిగిలిన జీవితము గడపుట ఆయన ఆశ. ఓడమీద ఆయన ముచ్చటపడి కొన్న దూరదర్శిని అపరిగ్రహమునకు విరుద్ధమని ఇద్దరికిని చర్చ జరిగినది. ఏడు పౌనుల ఆ వస్తువు సముద్రములో పడినది. లండను చేరుసరికి యుద్ధము ఆరంభమైనది. కాలెన్‌బాక్ జర్మను జాతీయుడు. అనుమతిపత్రమునకై గాంధీజీ ఎంత ప్రయత్నించినను ప్రభుత్వము ఒప్పుకొనలేదు. గాంధీజీ ఓడయెక్కినారు, కాలెన్‌బాక్ మ్యాన్ ద్వీపములో యుద్ధబందియైనారు. 1917లో బందీల మార్పిడిలో జర్మనీకి పోయి, 1920లో మరల జొహానెస్‌బర్గు చేరి, పాత వృత్తిలోనే ప్రవేశించి పేరు గడించినారు. గాంధీజీని మరల చూచుటకు ఇరువదిమూడు సంవత్సరములు పట్టినది.

ఆ నడుమ ఐరోపాలో యూదుల బ్రతుకు దుర్భరమైనది. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిన పిదప కాలెన్‌బాక్ మనస్సు పాలస్తీనావైపు తిరిగినది. అచట యూదులు నెలకొల్పిన సామూహిక వ్యవసాయక్షేత్రములు ఆయనకు తన పాత తోటను గుర్తుచేసి ఉండును. 1937లో యూదు నాయకుల కోరికపై సేగాఁవునకు వచ్చి, తమవారి ఆశయములను గాంధీజీకి వివరింప యత్నించినారు. గాంధీజీ యూదుల కష్టములకు కరిగినారు గాని, పాలస్తీనా అరబ్బులదన్న అభిప్రాయమును విడువలేదు; 1938 నవంబరులో హరిజన్ పత్రికలో అట్లే ప్రకటించి, జర్మనీలోని యూదులు సత్యాగ్రహము అవలంబింపవలెనని సూచించినారు. 1939లో కాలెన్‌బాక్ మరల వచ్చి, జ్వరపీడితుడై, ఆశ్రమములో గాంధీజీ పరిచర్య పొందినారు. అహింసను బుద్ధితో అంగీకరించెదను గాని హిట్లరు కొరకు ప్రార్థింపజాలనన్నది ఆయన నిశ్చయము. గాంధీజీ దానిని పత్రికలో దాచక వ్రాసినారు. ఇరువురిలో ఎవ్వరును రెండవవారిని మార్చలేకపోయినారు. మైత్రియు చెడలేదు.

1945 మార్చి 25న కాలెన్‌బాక్ జొహానెస్‌బర్గులో మరణించినారు. వీలునామాలో ఆస్తిలో అధికభాగము పాలస్తీనాలోని యూదుల కార్యమునకును, కొంత దక్షిణాఫ్రికా భారతీయులకును, గ్రంథములు జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమునకును చెందినవి. యూదు సంప్రదాయము ఖననమైనను, ఆయన కోరికమేరకు దేహమును దహనము చేసినారు. చితాభస్మమును గలిలయ సరస్సు దాపుననున్న దెగానియా అను వ్యవసాయక్షేత్రములో పూడ్చినారు. టాల్‌స్టాయ్ అభిమానియై, నలువదియెనిమిదవ యేట పార పట్టి, చేతులతో మట్టిపని చేయుటయే ధర్మమని బోధించిన ఏ. డి. గోర్డన్ తన కడపటి సంవత్సరములు గడపినది అక్కడనే. దెగానియా స్థాపితమైనది 1910లో; లాలీ స్టేషను దగ్గర నారింజ చెట్ల మధ్య కాలెన్‌బాక్ గుంటలు త్రవ్వుట ఆరంభించిన సంవత్సరమే.