ఆగుతుందా? ఆగదా? – ఆలన్ ట్యూరింగ్ జీవిత కథ

కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు వస్తుంది. ప్రోగ్రాం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మౌస్ నొక్కినా పలకదు, కీబోర్డు కొట్టినా పలకదు. ఇక దాన్ని బలవంతంగా మూసేయాలి. మూసేముందు ఒక సందేహం. ఇది నిజంగా చెడిందా, లేక లోపల ఏదో పెద్ద పని చేసుకుంటోందా? ఇంకాస్సేపు ఓపిక పడితే పూర్తి చేస్తుందేమో?

ఈ సందేహాన్ని అన్ని ప్రోగ్రాంల విషయంలోనూ తప్పు లేకుండా తీర్చే పద్ధతి ఏదీ ఉండదని ఒక యువకుడు 1936లోనే నిరూపించాడు. ఇప్పటి కంప్యూటర్లు అప్పటికి పుట్టనేలేదు. ఆయనకు 24 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన పేరు ఆలన్ ట్యూరింగ్.

బాల్యం

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్ నగరంలో జన్మించాడు. కానీ ఆయన కథ మన వైపు నుంచే మొదలవుతుంది. తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు రాజధానిలో ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. తల్లి సారా, మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరుగా చేసిన వ్యక్తి కూతురు. ఉద్యోగరీత్యా ఆ దంపతులు పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు తిరిగి, 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరారు. ఆలన్ తల్లి కడుపున పడింది అక్కడే. కాన్పుకు మాత్రం ఇంగ్లండు వెళ్లారు.

తర్వాత తల్లిదండ్రులు ఉద్యోగం కోసం మళ్లీ ఇక్కడికి వచ్చేశారు. ఆలన్, ఆయన అన్న జాన్ ఇంగ్లండులోనే ఉండిపోయారు. సముద్రం ఒడ్డున సెయింట్ లెనార్డ్స్ అనే ఊళ్లో, ఒక రిటైరైన సైనికాధికారి ఇంట్లో పెరిగారు. ఆ తర్వాత హాస్టల్ చదువులు. అమ్మానాన్నలు సెలవు దొరికినప్పుడు వచ్చేవాళ్లు. అలా ఉండటం ఎలాగుంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు గదా!

1926లో షెర్బోర్న్ అనే ఊళ్లోని పెద్ద బడిలో చేరాలి. సరిగ్గా అప్పుడే దేశమంతా సమ్మె. రైళ్లు లేవు. ఆలన్‌కు అప్పటికి 13 ఏళ్లు నిండి 14వ ఏడు నడుస్తోంది. సౌతాంప్టన్ రేవులో దిగి, సైకిల్ ఎక్కి, సుమారు 60 మైళ్లు, అంటే దాదాపు 96 కిలోమీటర్లు తొక్కాడు. దారిలో ఒక రాత్రి సత్రంలో పడుకుని మర్నాడు బడికి చేరాడు.

బడిలో మాత్రం మంచి పేరు రాలేదు. చేతిరాత బాగోదు. పుస్తకం నిండా సిరా మరకలు. లెక్కలూ సైన్సూ తనకు తోచిన దారిలో చేసుకుపోయేవాడు. ఆయన్ను అర్థం చేసుకున్న స్నేహితుడు ఒక్కడే, క్రిస్టఫర్ మోర్కం. ఇద్దరికీ నక్షత్రాలంటే ఇష్టం, లెక్కలంటే ఇష్టం. 1930 ఫిబ్రవరిలో మోర్కం క్షయ వ్యాధితో చనిపోయాడు. చిన్నప్పుడు తాగిన ఆవుపాల వల్ల సోకిన జబ్బు అది. ఆ దెబ్బకు ఆలన్ చాలా కుంగిపోయాడు. అయినా స్నేహితుడు చేయలేకపోయిన చదువు తాను చేయాలని పట్టుబట్టాడు.

పెద్ద ప్రశ్న

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి, 1934లో మొదటి శ్రేణిలో పట్టా పొందాడు. 22 ఏళ్లకే అక్కడ ఫెలో అయ్యాడు. 1935లో మాక్స్ న్యూమన్ అనే ఆచార్యుడి పాఠాల్లో ఒక ప్రశ్న విన్నాడు. జర్మనీ గణిత శాస్త్రవేత్త హిల్బర్ట్ 1928లో అడిగిన ప్రశ్న అది. గణితంలో ఏ వాక్యాన్ని ఇచ్చినా, దానికి రుజువు ఉందో లేదో యంత్రంలాగా లెక్కకట్టి చెప్పే పద్ధతి ఒకటి ఉందా?

యంత్రంలాగా అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలనుకున్నాడు ట్యూరింగ్. మనసులోనే ఒక యంత్రాన్ని కట్టాడు. గళ్లు గీసిన పొడవాటి కాగితపు పట్టీ. ఒకసారికి ఒక గడిని చూసే తల. గడిలో గుర్తును చదవడం, రాయడం, చెరపడం, ఎడమకో కుడికో జరగడం. దానికి కొన్ని నియమాలు. అంతే! ఏ లెక్కనైనా ఈ చిన్న పనులుగా విడగొట్టవచ్చని చూపించాడు. ఇంకో అడుగు వేసి, నియమాలను కూడా పట్టీ మీదే రాసి ఇస్తే ఏ యంత్రం పనైనా చేయగల ఒకే యంత్రం ఉంటుందన్నాడు. మనం ఈనాడు ప్రోగ్రాం అంటున్నది అదే.

అక్కడే అసలు చిక్కు దొరికింది. యంత్రం పని ముగించి ఆగుతుందో, అలా తిరుగుతూనే ఉంటుందో ముందుగా చెప్పగలమా? దీనికి తర్వాతి కాలంలో ఆగుడు సమస్య అని పేరు పడింది. ట్యూరింగ్ తన వ్యాసంలో వేరే మాటల్లో చెప్పాడు గానీ, ఇప్పుడు తరగతుల్లో ఇలా చెబుతారు.

తీర్పరి అనే ప్రోగ్రాం ఉందనుకోండి. ఏ ప్రోగ్రాంను చూపించినా అది ఆగుతుందో ఆగదో ఎప్పుడూ నిజమే చెబుతుంది. ఇప్పుడు ఆ తీర్పరిని లోపల పెట్టుకుని, తిక్క అనే ఇంకో ప్రోగ్రాం రాద్దాం. తిక్క తన సొంత రాతనే తీర్పరికి చూపించి, నేను ఆగుతానా అని అడుగుతుంది. ఆగుతావు అని తీర్పు వస్తే ఆగకుండా తిరుగుతుంది. ఆగవు అని తీర్పు వస్తే వెంటనే ఆగిపోతుంది. చూశారా! తీర్పరి ఏది చెప్పినా తప్పే అవుతుంది. ఎప్పుడూ నిజమే చెబుతుందని గదా మొదలుపెట్టాం? కాబట్టి అలాంటి తీర్పరి ఉండదు.

నమ్మకం కుదరకపోతే పలక మీద ఈ లెక్క చేయండి. ఒక సంఖ్య తీసుకోండి. సరి సంఖ్య అయితే సగం చేయండి. బేసి సంఖ్య అయితే మూడింతలు చేసి ఒకటి కలపండి. 1 వస్తే ఆపండి. 7తో మొదలుపెడితే 16 అడుగుల్లో 1 వస్తుంది. 27తో మొదలుపెడితే 111 అడుగులు పడుతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా తప్పకుండా ఆగుతుందని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. రెండు వాక్యాల ప్రోగ్రాంకే ఇంత కష్టమైతే, లక్షల వరుసల ప్రోగ్రాం సంగతి ఏం చెప్పాలి!

అదే 1936లో అమెరికాలో ఆలోంజో చర్చ్ వేరే దారిలో ఇదే ఫలితం సాధించాడు. ట్యూరింగ్ ప్రిన్స్‌టన్ వెళ్లి ఆయన దగ్గరే 1938లో డాక్టరేటు చేశాడు.

యుద్ధకాలం

రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1939 సెప్టెంబరు 4న ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో చేరాడు. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో సందేశాలను రహస్య లిపిలోకి మార్చేవాళ్లు. పోలండు గణిత శాస్త్రవేత్తలు అంతకుముందే దాని గుట్టు కొంత విప్పి, తమకు తెలిసినది బ్రిటన్‌కు అప్పగించారు. ట్యూరింగ్ బాంబ్ అనే పెద్ద యంత్రానికి రూపకల్పన చేశాడు. మొదటిది 1940లో పనిలోకి వచ్చింది. గోర్డన్ వెల్చ్‌మన్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు.

అది చక్రాలు తిప్పుతూ వెతికి, సరిపోయేలా ఉన్న అమరిక తగిలినప్పుడు తనంతట తానే ఆగేది. కానీ ఆగిన ప్రతిసారీ అది నిజమైన జవాబు కాదు. మనుషులు సరిచూసుకోవాలి. జర్మన్ జలాంతర్గాముల సందేశాలు చదవడంలో ఈ పని ఎంతో ఉపయోగపడింది. అయితే అదంతా రహస్యం కాబట్టి చాలా ఏళ్లు లోకానికి తెలియలేదు.

ఆయన మంచి పరుగు వీరుడు కూడా. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తి చేశాడు.

యంత్రాలు వచ్చాక

యుద్ధం తర్వాత ఏస్ అనే కంప్యూటర్‌కు నమూనా రాశాడు. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1949 జూన్‌లో కేంబ్రిడ్జిలో జరిగిన సభలో, ప్రోగ్రాం సరైనదో కాదో ఎలా పరీక్షించాలో చెప్పాడు. అన్ని ప్రోగ్రాంలకూ ఒకే మందు లేకపోయినా, మనం రాసిన ఒక్క ప్రోగ్రాం ఆగుతుందని చూపించే దారి ఉందన్నాడు. ప్రతి అడుగుకూ తప్పకుండా తగ్గుతూ పోయే ఒక లెక్కను చూపిస్తే చాలు. గంపలోంచి ప్రతిసారీ ఒక చింతపిక్క తీస్తూ, కొత్తవి వేయకపోతే, గంప ఎప్పుడో ఖాళీ కావలసిందే గదా!

మరి బిగుసుకుపోయిన ప్రోగ్రాం సంగతి? విండోస్‌లో మనం చేసే ప్రతి క్లిక్కూ ఒక చీటీలాగా ఆ ప్రోగ్రాం వరుసలోకి వెళ్తుంది. 5 సెకన్లపాటు చీటీలు తీసి చూసుకోకపోతే, విండోస్ నాట్ రెస్పాండింగ్ అని రాస్తుంది. అంటే ఇప్పటివరకు జవాబు రాలేదని మాత్రమే. ఇక ఎప్పటికీ రాదని కాదు. అది చెప్పే శక్తి విండోస్‌కు లేదు.

అందుకే ప్రోగ్రాం రాసేవాళ్లు మూడు మెట్లు పెడతారు. మొదట మర్యాదగా మూసుకోమని కబురు. లైనక్స్‌లో దీని పేరు సిగ్‌టర్మ్, నంబరు 15. ఆ కబురు అందుకున్న ప్రోగ్రాం తన ఫైళ్లు సర్దుకుని వెళ్లిపోవచ్చు. రెండోది గడువు. కొన్ని సెకన్లు చూస్తారు. అప్పటికీ కదలకపోతే మూడోది సిగ్‌కిల్, నంబరు 9. దీన్ని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు. ఆపరేటింగ్ సిస్టమే దాన్ని తీసేసి, అది వాడుకున్న మెమరీని వెనక్కి తీసుకుంటుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ నొక్కుతాం, లేదా టాస్క్‌కిల్ కమాండుకు స్లాష్ ఎఫ్ చేర్చి ఇస్తాం. కానీ బలవంతంగా మూస్తే సేవ్ చేయని పని పోతుంది. గడువు ఎంత పెట్టాలన్నది మనిషి తన తెలివితో నిర్ణయించుకోవలసిందే. ఆగుతుందో లేదో అన్ని ప్రోగ్రాంల విషయంలోనూ తప్పు లేకుండా తేల్చే పద్ధతి లేదని చెప్పింది ట్యూరింగ్ రుజువు.

చివరి రోజులు

1951లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1952లోనే కష్టం వచ్చింది. ఆయన పురుషులను ప్రేమించే మనిషి. అప్పటి ఇంగ్లండు చట్టం దాన్ని నేరమనేది. కోర్టు శిక్ష వేసింది. జైలుకు బదులు ఏడాదిపాటు హార్మోన్ మందులు ఒప్పుకోవలసి వచ్చింది. రహస్య పనుల నుంచి కూడా తప్పించారు. దేశాన్ని కాపాడిన మనిషికి దేశం ఇచ్చిన బహుమతి ఇది! 1954 జూన్ 7న సయనైడ్ విషంతో మరణించాడు. 42 ఏళ్లు కూడా నిండలేదు. విచారణలో ఆత్మహత్య అన్నారు. తల్లి మాత్రం అది ప్రమాదమే అని నమ్మింది.

2009లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి ఆ శిక్షను మాఫీ చేసింది. 2021 జూన్ 23న ఆయన బొమ్మతో 50 పౌండ్ల నోటు వచ్చింది. బ్రిటిష్‌వాళ్లు 1860లో మన దేశంలో పెట్టిన అలాంటి చట్టం, పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలకు చెల్లదని మన సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది.

కంప్యూటర్ శాస్త్రంలో అన్నింటికన్నా పెద్ద గౌరవం ట్యూరింగ్ అవార్డు. 1966 నుంచి ఇస్తున్నారు. 1994లో దాన్ని అందుకున్న ఇద్దరిలో ఒకరు అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన తెలుగువాడు రాజ్ రెడ్డి గారు.

మిత్రులారా! ఏది ఎన్నటికీ చేయలేమో తెలుసుకోవడం కూడా ఒక గొప్ప జ్ఞానమే. ఈసారి ప్రోగ్రాం బిగుసుకుపోతే గబుక్కున వైరు పీకకండి. కాసేపు చూడండి. మర్యాదగా మూయండి. వినకపోతేనే ఎండ్ టాస్క్ నొక్కండి. అన్నిటికన్నా ముందు, చేసిన పనిని ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోండి.