బేగం రుఖియా: కలను బడిగా మలచిన విద్యాదాత

బేగం రుఖియా సఖావత్ హుస్సేన్ 1880లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతపు పైరాబంద్ గ్రామంలో జమీందారీ కుటుంబంలో జన్మించారు. ఆ ఇంట ఆడపిల్లలకు ఇంగ్లీషు, బెంగాలీ నేర్పే ఆచారం లేదు. అందరూ నిద్రించాక అన్న ఇబ్రాహీం ఆమెకు రహస్యంగా ఇంగ్లీషు చెప్పేవారు. అక్క కరీమున్నిసా బెంగాలీకి ప్రోత్సాహమిచ్చారు.

భర్త సఖావత్ హుస్సేన్ భాగల్పూర్‌లో ప్రభుత్వోద్యోగి. భార్య చదువును, రచనలను ఆదరించిన విశాలహృదయుడు. ఆయన పర్యటనలో ఉండగా ఆమె ఇంగ్లీషులో 'సుల్తానాస్ డ్రీమ్' కథ రాశారు. తిరిగి వచ్చిన ఆయన నిలబడే ఆసాంతం చదివేశారు. 1905లో మద్రాసు పత్రిక ఒకటి దాన్ని ప్రచురించింది. స్త్రీలు చదువుకొని, సూర్యరశ్మితో వంట చేసుకొంటూ, విజ్ఞానబలంతో దేశాన్ని నడిపే భవిష్యత్తును ఆమె అందులో ఊహించారు.

1909లో భర్త మరణించారు. బాలికల విద్య కోసం ఆయన కేటాయించిన 10,000 రూపాయలతో భాగల్పూర్‌లో బడి తెరిచారు. కుటుంబ తగాదాల వల్ల ఆ ఊరు విడిచి, 1911లో కలకత్తాలో 8 మంది బాలికలతో మళ్ళీ ప్రారంభించారు. ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. పర్దాకు భంగం లేకుండా మూసిన బండ్లు ఏర్పాటు చేశారు. విద్యార్జన స్త్రీలకూ విధి అన్న ఇస్లాం బోధను గుర్తు చేశారు. నిందలు వచ్చినా వెనుదిరగలేదు.

1932 డిసెంబర్ 9న ఆమె కన్నుమూశారు. ఆ పాఠశాల నేటికీ ఉంది. ఒక అన్న, ఒక అక్క, ఒక భర్త ఇచ్చిన చేయూత ఎన్ని తరాలకు వెలుగైందో చూశాం కదా! మన ఇంటి ఆడపిల్ల ఏం చదువుతోందో, ఏం కావాలనుకుంటోందో మనం అడుగుతున్నామా?