118 ఏళ్ళ రెండో ర్యాంకు

ర్యాంకు అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంసెట్‌లో వచ్చిన నంబర్ని నాలుగేళ్ళు మోస్తాం. ఫ్రాన్స్‌లో ఒక ద్రాక్షతోట తన ర్యాంకుని 118 ఏళ్ళు మోసింది. దాన్ని మార్పించిన మనిషి బారన్ ఫిలిప్ ద రోత్‌షిల్డ్.

ఆ తోట బోర్డో ప్రాంతంలో, పోయాక్ అనే ఊళ్ళో ఉంది. పేరు షాటో మూటాన్ రోత్‌షిల్డ్. ఫిలిప్ ముత్తాత నథానియల్ దాన్ని 1853లో కొన్నాడు. రెండేళ్ళకి పారిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. దానికోసం బోర్డో బ్రోకర్లు అక్కడి రెడ్ వైన్లని ధరల్ని బట్టి ఐదు తరగతులుగా విడగొట్టారు. మొదటి తరగతిలో నాలుగే తోటలు. మూటాన్ రెండో తరగతిలో పడింది.

ఫిలిప్ 1902లో పుట్టాడు. బ్యాంకర్ల కుటుంబం, డబ్బుకి లోటు లేదు. రేసు కార్లంటే పిచ్చి. 1929 మొనాకో గ్రాండ్ ప్రీలో మారుపేరుతో నడిపి నాలుగో స్థానంలో వచ్చాడు. కానీ అంతకుముందే, 1922లో, 20 ఏళ్ళకి తోట బాధ్యత తీసుకున్నాడు.

అప్పట్లో తోటవాళ్ళు వైన్‌ని పీపాల్లో వ్యాపారులకి అమ్మేసేవారు. సీసాల్లో నింపేది వ్యాపారులే. మధ్యలో ఏం కలిపినా అడిగే దిక్కు లేదు. మాది నక్కపల్లి దగ్గర రాజయ్యపేట కాబట్టి ఇది నాకు బాగా అర్థమైంది. మా తీరంలో పడ్డ చేప వ్యాపారి ఐస్ పెట్టెలోకి వెళ్ళిందంటే దాని ఊరు పేరు అక్కడితో సరి. తినేవాళ్ళకి మేం ఎవరో తెలీదు. ఫిలిప్ ఈ పద్ధతినే మార్చాడు. 1924 పంట నుంచి మొత్తం వైన్ తోటలోనే సీసాల్లో నింపించాడు. లేబుల్‌ని జాన్ కార్లూ అనే పోస్టర్ ఆర్టిస్ట్ చేత వేయించాడు. అన్ని పీపాలూ తన దగ్గరే ఉంచుకోవాలి కదా, అందుకని 1926లో 100 మీటర్ల పొడవున్న హాలు కట్టించాడు.

తర్వాత యుద్ధం వచ్చింది. యూదు కుటుంబం అని విషీ ప్రభుత్వం ఆస్తి లాక్కుంది, జైల్లో పెట్టింది. అతను బయటపడి లండన్ వెళ్ళి ద గాల్ పక్షాన చేరాడు. విడిగా ఉంటున్న భార్య ఎలిజబెత్‌ని మాత్రం నాజీలు పట్టుకెళ్ళారు. ఆవిడ పుట్టుకతో యూదు కూడా కాదు. 1945లో రావెన్స్‌బ్రుక్ క్యాంపులో చనిపోయింది.

అదే ఏడాది పంట అద్భుతంగా వచ్చింది. లేబుల్ మీద విజయానికి గుర్తుగా ఇంగ్లిష్ అక్షరం 'వి' వేయించాడు. ఆ లేబుల్ చూసినప్పుడల్లా నాకు గెలుపు కంటే ఆవిడే ముందు గుర్తొస్తుంది. అప్పట్నుంచి ఏటా ఒక ఆర్టిస్ట్ చేత లేబుల్ వేయించడం ఆనవాయితీ అయింది. 1958లో డాలీ, 1970లో షగాల్ వేశారు.

ర్యాంకు కోసం ఫిలిప్ దశాబ్దాల పాటు తిరిగాడు. చివరికి 1973లో వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్ సంతకంతో మూటాన్ మొదటి తరగతికి ఎక్కింది. 1855 జాబితాలో రెండు నుంచి ఒకటికి వెళ్ళింది ఈ ఒక్క తోటే. అప్పటికి ఫిలిప్‌కి 71 ఏళ్ళు. 1988 జనవరిలో చనిపోయాడు. తోట కూతురు ఫిలిప్పీన్ చేతికొచ్చింది.

1945 వైన్‌ని ఇప్పటికీ ఆ శతాబ్దపు గొప్ప వైన్లలో ఒకటిగా లెక్కేస్తారు. అది తయారైనప్పుడు తోటది రెండో ర్యాంకే. 28 ఏళ్ళ తర్వాత వచ్చిన కాగితం ఆ సీసాల్లో ఒక్క చుక్క కూడా మార్చలేదు. ఈ సంగతి ఫిలిప్‌కి అందరికంటే బాగా తెలుసు. అయినా ఆ కాగితం కోసం తిరగడం మానలేదు.