పద్దెనిమిదో ఏట పలక పట్టిన ఇంజనీరు

పోటీ పరీక్షలకు చదివే మనందరికీ బిట్ బ్యాంకులో ఈ ప్రశ్న ఎన్నోసార్లు ఎదురై ఉంటుంది. రైలింజను కనుగొన్నది ఎవరు? జార్జి స్టీఫెన్‌సన్ అని టిక్కు పెట్టి ముందుకు పోతాం. నిజానికి ఆ జవాబు పూర్తిగా ఒప్పు కాదు. పట్టాల మీద ఆవిరి ఇంజనును 1804లోనే నడిపినవాడు రిచర్డ్ ట్రెవితిక్. స్టీఫెన్‌సన్ ఆ ఇంజనును రోజూ పనికొచ్చేలా చేశాడు, వాటిని తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టించాడు. బిట్ బ్యాంకులో లేని ఇంకో సంగతి ఉంది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆయనకు చదవడం, రాయడం రాదు.

1781 జూన్ 9న ఉత్తర ఇంగ్లండులోని వైలం గ్రామంలో పుట్టాడు. తండ్రి బొగ్గు గనిలో పంపు ఇంజను దగ్గర బొగ్గు వేసే పనివాడు. అమ్మానాన్నలిద్దరికీ అక్షరం రాదు. ఇంటిల్లిపాదీ ఒక్క గదిలోనే ఉండేవారు. చిన్నతనంలో ఆవులు కాశాడు, పదిహేడేళ్ళకు ఇంజను చూసుకునే పనిలో కుదిరాడు. ఆ జీతంలోంచే ఫీజు కట్టి రాత్రి బడికి వెళ్ళి చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకున్నాడు. పగలు పని, రాత్రి చదువు అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు.

కష్టాలు కూడా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1806లో భార్య క్షయతో చనిపోయింది. కొడుకు రాబర్ట్ అప్పటికి పసివాడు. పని కోసం స్కాట్లండు వెళ్ళి తిరిగొచ్చేసరికి, ప్రమాదంలో తండ్రికి చూపు పోయింది. 1811లో కిల్లింగ్‌వర్త్‌లో ఎవరికీ లొంగని పంపు ఇంజనును బాగుచేశాడు. దాంతో మరుసటి ఏడు ఆ గనుల యంత్రాలన్నీ ఆయన చేతికి వచ్చాయి.

తనకు అందని చదువు కొడుక్కి అందాలని రాబర్ట్‌ను న్యూకాజిల్‌లో మంచి బడికి పంపాడు. సాయంత్రం కొడుకు తెచ్చిన పాఠాలు తండ్రి కూడా కూర్చుని నేర్చుకునేవాడు. 1816లో ఇద్దరూ కలిసి ఇంటి గుమ్మం పైన నీడ గడియారం అమర్చారు.

గని దీపం కథ దగ్గర మేము కొంచెంసేపు ఆగక తప్పదు. గనిలో పేలుడు వాయువు ఉన్నచోట మామూలు దీపం ప్రాణాలు తీస్తుంది. సింగరేణి ప్రాంతపు మిత్రులకు ఇది చెప్పనక్కర్లేదు. 1815లో స్టీఫెన్‌సన్ ఒక రక్షణ దీపం చేసి, వాయువు ఉన్నచోటికి తానే పట్టుకువెళ్ళి పరీక్షించాడు. అదే సమయంలో లండన్‌లో గొప్ప శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ ఇంకో దీపం చేశాడు. చదువులేని గని పనివాడికి ఇది ఎలా సాధ్యం, దొంగిలించి ఉంటాడని డేవీ పక్షంవారు అన్నారు. డేవీకి 2,000 పౌండ్లు దక్కాయి. న్యూకాజిల్ వాళ్ళు కమిటీ వేసి, దీపం స్టీఫెన్‌సన్ సొంతమేనని తేల్చి 1,000 పౌండ్లు ఇచ్చారు. డేవీ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

1814లో మొదటి ఇంజను చేశాడు. 1823లో న్యూకాజిల్‌లో ఫ్యాక్టరీ వెలసింది. రైలింజన్ల కోసమే కట్టిన తొలి ఫ్యాక్టరీ ప్రపంచంలో అదే. దానికి పెట్టిన పేరు తండ్రిది కాదు, పంతొమ్మిదేళ్ళ కొడుకుది: రాబర్ట్ స్టీఫెన్‌సన్ అండ్ కంపెనీ. అక్కడ తయారైన లోకోమోషన్ 1825 సెప్టెంబర్ 27న స్టాక్‌టన్, డార్లింగ్టన్ మార్గంలో వందల మందిని లాగింది.

అదే ఏడాది లివర్‌పూల్, మాంచెస్టర్ మార్గం గురించి పార్లమెంటు కమిటీ ముందు లాయర్లు ఆయన్ను రోజుల తరబడి నిలదీశారు. ఆయన పల్లె యాసను ఎగతాళి చేశారు. ఇంటర్వ్యూల్లో మన యాసకు ముసిముసిగా నవ్వినవాళ్ళను మనమూ చూశాం. అయితే సర్వే కొలతల్లో తప్పులున్న మాట కూడా నిజమే. బిల్లు వీగిపోయింది. మరుసటి ఏడు అది నెగ్గాక ఆయన్నే ఇంజనీరుగా పిలిచారు. అడుగు లేని బురద నేల మీద చెట్టు కొమ్మలు, తుప్పలు పరిచి పట్టాలు వేయించాడు.

1829లో ఆ మార్గానికి తగిన ఇంజను కోసం 500 పౌండ్ల పందెం పెడితే రాబర్ట్ రూపొందించిన రాకెట్ గెలిచింది. దాని కిటుకు బాయిలర్‌లో ఉంది. ఒక్క పెద్ద గొట్టం బదులు 25 రాగి గొట్టాల గుండా నిప్పుల వేడి నీళ్ళ మధ్య నుంచి పోతుంది, అందువల్ల ఆవిరి త్వరగా పుడుతుంది. గంటకు 30 మైళ్ళ దాకా పరుగెత్తింది.

స్టీఫెన్‌సన్ 1848 ఆగస్టు 12న చనిపోయాడు. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది ఆ తర్వాత ఐదేళ్ళకు. మన రైల్వే వెడల్పు పట్టాలు ఎంచుకుంది గానీ, 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. అది ఆ గనుల బండి దారి నుంచి స్టీఫెన్‌సన్ తెచ్చిన కొలతే.

ఆ ఫ్యాక్టరీ తొలి ఇంజన్లు కొన్ని మిగిలాయి. లోకోమోషన్‌ను 1892 నుంచి 1975 దాకా డార్లింగ్టన్ స్టేషన్‌లో ప్రదర్శించారు. రాకెట్ బ్రిటన్ జాతీయ సేకరణలో ఉంది. బొమ్మల్లో పసుపు రంగుతో మెరిసే ఆ ఇంజను ఇప్పుడు నల్లగా, సగం భాగాలు మారిపోయి ఉంటుంది. 1831లో జాన్ బుల్ అనే ఇంజనును భాగాలుగా ఓడలో అమెరికాకు పంపారు. అంతకుముందు రైలింజనునే చూడని ఐజాక్ డ్రిప్స్ అనే కుర్ర మెకానిక్ దాన్ని బిగించి నిలబెట్టాడు. 150 ఏళ్ళు నిండిన సందర్భంగా 1981లో వాషింగ్టన్ మ్యూజియం వాళ్ళు దానికి మళ్ళీ నిప్పు పెట్టి ఆవిరి ఎక్కిస్తే, అది తన బలం మీద తానే కదిలింది.